స్పానిష్ మాటలో ఊనిక ఎక్కడ? ముందు అక్షరాలు లెక్కపెట్టండి

మారియో, మరియా. తెలుగులో రాస్తే రెండు పేర్లకీ మూడేసి అక్షరాలు. స్పానిష్ వాళ్ల లెక్కలో మొదటిదానికి రెండే, రెండోదానికి మూడు. పైగా రెండో పేరులో ఇ మీద చిన్న ఏటవాలు గీత ఉంటుంది, మొదటి పేరులో ఉండదు. స్పానిష్ నేర్చుకునేవాళ్లకి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ గీతే. ఏ మాట మీద ఉంటుందో, ఏ మాట మీద ఉండదో అర్థంకాక చాలామంది ఒక్కో మాటనీ బట్టీ పట్టేస్తారు.

బట్టీ అక్కర్లేదు. గీత ఎక్కడ పెట్టాలో చెప్పే నియమం రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. చిక్కంతా దానికి ముందున్న ప్రశ్నలో ఉంది: ఈ మాటలో అక్షరాలు ఎన్ని? అది తేల్చుకోకుండా ఊనిక (మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటికంటే గట్టిగా పలకడం) నియమాన్ని ఎన్నిసార్లు వల్లె వేసినా తప్పులు పోవు. ఊనిక నియమం మొదటి వారంలోనే చెప్పేసి, పక్కపక్కన వచ్చే అచ్చుల సంగతి ఎప్పుడో తర్వాత చెప్పే పాఠాలు చాలా ఉన్నాయి. నన్నడిగితే అది తలకిందుల పద్ధతి.

మొదలుపెట్టే ముందు రెండు ఒప్పందాలు. ఇక్కడ అక్షరం అంటే ఛందస్సులో గణాలు కట్టేటప్పుడు లెక్కపెట్టే లాంటిది, ఒక్క ఊపులో పలికే ముక్క. కాగితం మీద కనిపించే ఒక్కో గుర్తుని లెటర్ అందాం. ఇక ఊనిక పడే అక్షరాన్ని దీర్ఘంతో రాస్తాను, మిగతావన్నీ హ్రస్వాలుగా రాస్తాను. ఐ, ఔల మీద ఊనిక పడితే విడిగా చెబుతాను.

దీర్ఘంతో చూపించడానికి కారణం ఉంది. తెలుగులో అచ్చు పొడవు మారితే అర్థం మారుతుంది, ఊనిక మారితే మారదు. స్పానిష్‌లో సరిగ్గా దీనికి తిరగేసి. ఊనిక పడిన అచ్చుని వాళ్లు కాస్త గట్టిగా, కాస్త సాగదీసి పలుకుతారు కాబట్టి మన చెవికి అది దీర్ఘంలాగే వినిపిస్తుంది. లాటిన్ అమెరికాలో 'పాప' అంటే బంగాళాదుంప, 'పపా' అంటే నాన్న. 'తేర్మినొ' అంటే గడువు లేదా పదం, 'తెర్మీనొ' అంటే నేను ముగిస్తాను, 'తెర్మినో' అంటే అతను ముగించాడు. మూడింటిలోనూ అవే లెటర్లు, అదే వరస. వీటిలో మొదటిదాని మీద, మూడోదాని మీద గీత ఉంటుంది, మధ్యదాని మీద ఉండదు. ఎందుకో చూద్దాం.

హల్లుల సంగతి

ఇది తేలిక భాగం. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతో పోతుంది: కా-స (ఇల్లు), మొ-నే-ద (నాణెం). తెలుగు లిపిలో రాసుకుంటే అదే వచ్చేస్తుంది. రెండు హల్లులు ఉంటే చెరోవైపుకి విడిపోతాయి: కార్-త (ఉత్తరం). ఇక్కడ మన లిపి కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. 'పద్మ' అని రాసినప్పుడు ద్మ మొత్తం రెండో అక్షరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఛందస్సు చదివినవాళ్లకి తెలుసు, సంయుక్తాక్షరం ముందున్న 'ప' గురువు అవుతుంది. పలికేటప్పుడు ద్ అనే ముక్క వెనక్కి వచ్చి ప ని బరువెక్కిస్తుంది కాబట్టే ఆ లెక్క. స్పానిష్ వాళ్లు ఆ విరుపునే చూస్తారు: పద్-మ.

విడిపోని జంటలు కొన్ని ఉన్నాయి. ప, బ, ఫ, క, గ ల తర్వాత ర గానీ ల గానీ వస్తే, త, ద ల తర్వాత ర వస్తే ఆ జంట మొత్తం తర్వాతి అక్షరానికే చెందుతుంది: లీ-బ్రొ (పుస్తకం), పా-ద్రె (తండ్రి), తే-క్ల (కీబోర్డు మీద మీట). ఇందుకే మాడ్రిడ్ కూడా మ-ద్రీద్. మన ఛందస్సులోనూ కొన్ని తెలుగు మాటల్లో తేల్చి పలికే ర వత్తు ముందున్న అక్షరం లఘువుగానే ఉండిపోతుంది. ర కి వెనక హల్లుతో అతుక్కుపోయే గుణం రెండుచోట్లా కనిపిస్తుంది.

కొన్ని శబ్దాలకి రోమన్ లిపిలో రెండేసి లెటర్లు రాస్తారు. అవి ఎప్పుడూ విడిపోవు: ము-చా-చొ (కుర్రాడు) లోని చ, కా-యె (వీధి) లోని య, పే-ఱొ (కుక్క) లోని గట్టి ర. మనం వాడటం మానేసిన బండి ఱ కి ఇక్కడ చక్కగా పని దొరుకుతుంది. మామూలు ర తో 'పేరొ' అంటే 'కానీ' అని అర్థం.

మూడు నాలుగు హల్లులు వరసగా వచ్చినా కంగారు పడక్కర్లేదు. చివర విడిపోని జంట ఉంటే అది తర్వాతి అక్షరంలోకి పోతుంది, మిగిలినవి అంతకుముందు అక్షరంలోనే ఆగిపోతాయి: ఇన్స్-త్రుక్-స్యోన్ (సూచన). కొన్స్-తాన్-తె, ఒబ్స్-తా-కు-లొ లాంటి మాటల్లో స కారం ఎప్పుడూ దాని ముందున్న అక్షరంతోనే ఉంటుంది. స తర్వాత హల్లు వచ్చే గుంపుతో స్పానిష్ అక్షరం మొదలవ్వదు మరి. అందుకే వాళ్ల బడి ఎస్-క్వే-ల, వాళ్ల దేశం ఎస్-పా-న్య. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇస్కూలు, ఇస్టేషను అనడం వెనక ఉన్నదీ ఇదే ఇబ్బంది. మనం దాన్ని పల్లెటూరి యాస అని పక్కన పెట్టాం, వాళ్లు నిఘంటువులో ఎక్కించుకున్నారు.

త తర్వాత ల వచ్చే జంట ఒక్కటే ఊరుని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో ఎక్కువమంది 'అట్లాంటిక్' అనే మాటని అత్-లాన్-తి-కొ అని విరుస్తారు, మెక్సికోలో అ-త్లాన్-తి-కొ అంటారు. త్ల అనే శబ్దం మెక్సికో పాత భాష నావాట్‌ల్‌లో మామూలే, త్లస్కాల లాంటి ఊరి పేర్లు అక్కడ రోజూ నోట్లో మెదులుతాయి. రెండు విరుపులూ ఒప్పే, ఊనికకి దీనితో తేడా రాదు.

అసలు కథ అచ్చులది

స్పానిష్‌కి అచ్చులు అయిదే. అ, ఎ, ఒ బలమైనవి. ఇ, ఉ బలహీనమైనవి. అచ్చులు పక్కపక్కన వచ్చినప్పుడు ఒక అక్షరమా, రెండా అన్నది ఈ బలాబలాల మీదే ఆధారపడి ఉంటుంది.

రెండు బలమైన అచ్చులు కలిసి ఉండవు, చెరో అక్షరం అవుతాయి: పొ-ఏ-త (కవి), తె-ఆ-త్రొ, కా-ఒస్, బిల్-బా-ఒ. తెలుగులో మాట మధ్య విడి అచ్చు రాయం కాబట్టి నాలుక తనంతట తాను మధ్యలో య ని పెట్టి 'పొయేత' అనేస్తుంది. పర్వాలేదు, లెక్క చెడదు.

బలహీనమైన అచ్చు ముందు, బలమైనది వెనక వస్తే రెండూ కలిసి ఒకటే అక్షరం. ఇ కాస్తా య గా, ఉ కాస్తా వ గా మారిపోతాయి. ఇక్కడ తెలుగు లిపి మనకి పెద్ద సాయం. య వత్తు, వ వత్తు పెట్టి రాయండి, లెక్క కళ్లముందే కనిపిస్తుంది: మా-ర్యొ, బ్యేన్ (బాగు), క్వా-త్రొ (నాలుగు), సన్-త్యా-గొ, బె-నె-స్వే-ల, ఎ-క్వ-దోర్. మన పత్రికలు రాసే కొలంబియాలో నాలుగు అక్షరాలు, బొలీవియాలోనూ నాలుగు. వాళ్ల నోట అవి కొ-లోమ్-బ్య, బొ-లీ-బ్య. రెండూ మూడేసి అక్షరాలే. మనవాళ్లు స్పానిష్ మాట్లాడుతుంటే వేగం అందుకోలేకపోవడానికి ఒక కారణం ఇదే. య వత్తు సరిపోయే చోట ఒక పూర్తి అక్షరం ఖర్చు పెడతాం.

బలమైనది ముందు, బలహీనమైనది వెనక వస్తే అదీ ఒక్క అక్షరమే. అ, ఇ కలిస్తే ఐ, అ, ఉ కలిస్తే ఔ. తెలుగువాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, మన వర్ణమాలలోనే రెండూ ఒక్కో అచ్చుగా కూర్చున్నాయి. ఐ-రె (గాలి), ఔ-తొ (కారు), రెండింట్లోనూ ఊనిక మొదటి అక్షరం మీదే. బలహీనమైనవి రెండూ కలిసినా ఒకటే అక్షరం: స్యు-దాద్ (నగరం), ర్వీ-దొ (చప్పుడు). బలమైనదానికి అటూ ఇటూ బలహీనమైనవి నిలబడితే మూడూ ఒకే అక్షరంలో ఇరుక్కుంటాయి. ఉ-రు-గ్వై చూడండి, ఊనిక చివరి గ్వై మీద. తెలుగు అక్షరం ఒక్కటే, స్పానిష్ అక్షరమూ ఒక్కటే.

మరి మరియా సంగతి? అక్కడ ఇ, అ పక్కపక్కనే ఉన్నాయి. మామూలుగా అయితే కలిసిపోయి మా-ర్య అవ్వాలి. కానీ ఆ పేరులో ఊనిక ఇ మీద పడుతుంది. బలమైనదాని పక్కనున్న బలహీనమైన అచ్చు మీద ఊనిక పడితే అది పక్కదానితో కలవడానికి ఒప్పుకోదు, విడిగా ఒక అక్షరం అయిపోతుంది: మ-రీ-అ. ఆ విడాకుల్ని చూపించడానికే గీత. దీ-అ (రోజు), రీ-ఒ (నది), గర్-సీ-అ, పొ-లి-సీ-అ అన్నీ ఈ బాపతే. ప-ఈస్ అంటే దేశం. గీత తీసేస్తే అది పైస్ అయి ఒక్క అక్షరానికి పడిపోతుంది. మ-ఈస్ (మొక్కజొన్న), బ-ఊల్ (పెట్టె), ర-ఊల్ అనే పేరు కూడా అంతే.

ఈ ఒక్క తేడాతో అర్థాలు మారిపోయే జంటలు బోలెడు. ఆ-స్య అంటే వైపుకి, అ-సీ-అ అంటే చేసేవాడు. సా-బ్య అంటే వివేకవంతురాలు, స-బీ-అ అంటే తెలిసి ఉండేది. నాకు బాగా నచ్చేది ఈ ముగ్గురు: కొన్-తీ-న్వొ (ఎడతెగని), కొన్-తి-నూ-ఒ (కొనసాగిస్తాను), కొన్-తి-న్వో (కొనసాగించాడు). మొదటిదానికి గీత లేదు, రెండోదానికి ఉ మీద, మూడోదానికి ఒ మీద. మధ్యదానికి మాత్రమే నాలుగు అక్షరాలు. వ వత్తు పెట్టి రాసి చూస్తేనే ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది.

రెండు ఉచ్చులు ఇక్కడే ఉన్నాయి. స్పానిష్‌లో హెచ్ మూగది, రెండు అచ్చుల మధ్య అది కూర్చున్నా గోడ కట్టదు. 'నిషేధించు' అనే క్రియ ప్రొయ్-బీర్, రెండే అక్షరాలు. 'నిషేధిస్తాడు' అనేది ప్రొ-ఈ-బె, ఊనిక ఇ మీదకి మారింది కాబట్టి గీత, మూడు అక్షరాలు. రెండో ఉచ్చు ఉ. గ, క శబ్దాల కోసం ఎ, ఇ ల ముందు రాసే ఉ ని పలకరు: కే-సొ (జున్ను), గే-ఱ (యుద్ధం). దాన్ని అచ్చుగా లెక్కపెట్టకూడదు. అక్కడ గ తర్వాతి ఉ ని పలకాలంటే దాని మీద రెండు చుక్కలు పెడతారు: పిన్-గ్వీ-నొ.

ఇప్పుడు నియమం

అచ్చుతో గానీ, ఎన్‌తో గానీ, ఎస్‌తో గానీ ముగిసే మాటలో ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. వేరే ఏ హల్లుతో ముగిసినా చివరి అక్షరం మీద పడుతుంది. ఈ అంచనా నిజమైతే, మ-రీ-అ లాంటి విడాకుల మాటల్లో తప్ప, గీత ఉండదు, అంచనా తప్పితే ఊనిక పడిన అచ్చు మీద గీత పెడతారు. అంటే గీత చదివేవాడి కోసం. మాటని ఎప్పుడూ వినని మనిషి కూడా పైకి సరిగ్గా చదవగలగాలి, అదే లక్ష్యం. ఇంగ్లీషులో ఇలాంటి సదుపాయం కలలో కూడా ఉండదు.

ఊళ్ల, దేశాల పేర్లతో సరిచూసుకోండి. సె-బీ-య, బర్-సె-లో-న, క-రా-కస్: అచ్చుతో, ఎస్‌తో ముగిశాయి, చివరి నుంచి రెండోదాని మీద ఊనిక, గీత లేదు. మ-ద్రీద్, ఎ-క్వ-దోర్: వేరే హల్లులు, చివరిదాని మీద ఊనిక, గీత లేదు. బొ-గొ-తా, ప-న-మా, పె-రూ, మె-దె-యీన్: అంచనా తప్పింది, చివరి అక్షరం మీద గీత. కా-దిస్ చెవికి స లాగే వినిపించినా రాతలో జెడ్‌తో ముగుస్తుంది, అంచనా ప్రకారం చివరిదాని మీద పడాలి, పడలేదు కాబట్టి గీత. మా-ల-గ, కోర్-దొ-బ, మే-హి-కొ లలో ఊనిక చివరి నుంచి మూడోదాని మీద. అలాంటివాటికి ముగింపు చూడక్కర్లేదు, గీత తప్పనిసరి. చివరి అక్షరం మీద ఊనిక ఉన్నవాటిని అగూద అని, దాని ముందుదాని మీద ఉన్నవాటిని యాన అని, మూడోదాని మీద ఉన్నవాటిని ఎస్ద్రూహుల అని అంటారు. ఎస్ద్రూహుల అనే పేరు కూడా ఎస్ద్రూహులే, అందుకే ఆ ఒక్కటీ మర్చిపోవడం కష్టం.

ఇప్పుడు 'చరిత్ర', 'గీత' అనే రెండు మాటలు పక్కపక్కన పెట్టండి: ఇస్-తో-ర్య, లీ-నె-అ. రెండూ మూడక్షరాలే. మొదటిదానిలో ఇ, అ కలిసిపోయాయి, ఊనిక చివరి నుంచి రెండోది, గీత లేదు. రెండోదానిలో ఎ, అ రెండూ బలమైనవి, విడిపోయాయి, ఊనిక మూడోదాని మీదకి వెళ్లింది, గీత పడింది. లెక్క తప్పితే ఇలాంటి చోటే దొరికిపోతాం.

ఎన్, ఎస్ లకి ఎందుకీ ప్రత్యేక మర్యాద? నామవాచకాలకి బహువచనం ఎస్‌తో వస్తుంది, క్రియలకి 'వాళ్లు' రూపం ఎన్‌తో వస్తుంది. కాస, కాసస్. కాన్త (పాడతాడు), కాన్తన్ (పాడతారు). ఊనిక కదలదు. వీటిని మినహాయించకపోతే భాషలో సగం బహువచనాల మీద గీతలు గీయాల్సి వచ్చేది.

దీనికి మరో ఫలితం ఉంది. కన్-స్యోన్ (పాట) మీద గీత ఉంటుంది, కన్-స్యో-నెస్ (పాటలు) మీద ఉండదు. హో-బెన్ (యువకుడు) మీద ఉండదు, హో-బె-నెస్ మీద ఉంటుంది. గీత ఇష్టమొచ్చినట్టు వచ్చి పోతున్నట్టు అనిపిస్తుంది కానీ ఊనిక ఉన్న చోటే ఉంది. దాని వెనక ఒక అక్షరం చేరింది, లెక్క మారింది. నిజంగా ఊనిక జరిగే మాటలు అతి తక్కువ. ఏకవచనం రే-హి-మెన్ (పాలన, పథ్యం) అయితే బహువచనం రె-హీ-మె-నెస్. కదలకపోతే ఊనిక చివరి నుంచి నాలుగో అక్షరం మీద మిగిలిపోతుంది. స్పానిష్ దాన్ని దీ-గ-మె-లొ (అది నాకు చెప్పండి) లాంటి సర్వనామాలు తగిలించుకున్న క్రియల్లోనూ, మరికొన్ని క్రియావిశేషణాల్లోనూ తప్ప సహించదు. క-రాక్-తెర్ బహువచనంలో క-రక్-తే-రెస్ అవుతుంది.

చెవి ఒకటి, రాత ఇంకొకటి

ఇక్కడిదాకా అంతా పలుకుబడి ప్రకారం నడుస్తున్నట్టు చెప్పాను. పూర్తిగా అలా కాదు. మెక్సికోలో చాలామంది తె-ఆ-త్రొ ని త్యా-త్రొ అని రెండక్షరాల్లో తేల్చేస్తారు. స్పెయిన్‌లో చాలామంది గ్యోన్ (హైఫన్, సినిమా స్క్రిప్ట్) అనే మాటని గి-ఓన్ అని విడదీసి పలుకుతారు. ఎవరి నోరు ఎలా తిరిగితే అలా రాస్తే ఒకే మాటకి ఇరవై దేశాల్లో ఇరవై రాతలు వస్తాయి. అందుకని రాతలో లెక్క స్థిరం: బలమైనవి రెండు వస్తే ఎప్పుడూ రెండక్షరాలు; బలహీనమైనవి రెండు వస్తే, బలహీనమైనది ఊనిక లేకుండా బలమైనదాని పక్కన వస్తే ఎప్పుడూ ఒకటే. అందుకే 'కట్టిన' అనే అర్థమిచ్చే కొన్స్-త్ర్వీ-దొ కి గీత లేదు, 'చదివిన' అనే లె-ఈ-దొ కి ఉంది.

1713లో పుట్టిన స్పానిష్ రాయల్ అకాడమీ, మిగతా దేశాల అకాడమీలతో కలిసి 2010లో తెచ్చిన వర్ణక్రమ గ్రంథం ఈ సూత్రాన్ని చివరిదాకా లాగింది. ఉ ని పలకని గ్యోన్‌లో మిగిలింది ఇ, ఒ మాత్రమే, ఒక్క అక్షరం. ఒక్క అక్షరం మాటకి మామూలుగా గీత పెట్టరు. కాబట్టి గీత తీసేయాలంది. అంతకుముందు 1999 నియమాల ప్రకారం రెండు రకాలుగానూ రాయొచ్చు. స్పెయిన్‌లో చాలామంది ఇంకా పాత అలవాటు వదల్లేదు.

గొడవ ఎక్కువ నడిచింది మరో మాట మీద. ఒక్క అక్షరం మాటల్లో కొన్నింటికి అర్థభేదం చూపడానికి గీత పెడతారు. తూ అంటే నువ్వు అయితే గీత, నీ అయితే లేదు. ఎల్ అంటే అతను అయితే గీత. పలుకులో తేడా ఉన్నా లెక్కలో లేదు, వీటిని గుర్తు పెట్టుకోవాల్సిందే. సో-లొ అనే మాటకీ ఇలాగే 'మాత్రమే' అనే అర్థంలో గీత పెట్టేవారు, 'ఒంటరి' అంటే పెట్టేవారు కాదు. 2010లో ఆ గీత అక్కర్లేదన్నారు. చాలామంది రచయితలు ససేమిరా అన్నారు. 2023 మార్చిలో, అర్థం రెండు రకాలుగా వస్తుందని రాసేవాళ్లకి అనిపిస్తే గీత పెట్టుకోవచ్చని అకాడమీ తన మాటని కొంత సడలించింది. ఊనిక నియమం ప్రకారం చూస్తే అకాడమీ 2010లో చెప్పిందే సబబు అని నాకనిపిస్తుంది. సో-లొ అచ్చుతో ముగిసిన మాట, అంచనా తప్పలేదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకి ఈ లెక్క మరోలా అక్కరకొస్తుంది. అక్కడ స్పానిష్ పేర్లని ఎక్కువగా గీత లేకుండానే రాస్తారు. శాన్ హోసే పేరులో గీత పోతే నియమం ప్రకారం హో-సె అని చదవాలి, అసలు పలుకు హొ-సే. ఆఫీసులో పెరెజ్, గోమెజ్, రోడ్రిగెజ్, ఫెర్నాండెజ్ లాంటి ఇంటిపేర్లు కనిపిస్తే, జెడ్‌తో ముగుస్తున్నాయి కాబట్టి గీత లేని రాతని నమ్మితే పె-రేస్, గొ-మేస్ అవుతాయి. నిజానికి పే-రెస్, గో-మెస్, ర్రొ-ద్రీ-గెస్, ఫెర్-నాన్-దెస్. చివరి నుంచి రెండోదాని మీదే ఊనిక, స్పానిష్ రాతలో అన్నింటికీ గీత ఉంటుంది. ఈ వరసలో మోసం చేసేది అల్వారెజ్. మనవాళ్లు మధ్యలో సాగదీస్తారు, అది ఆల్-బ-రెస్. గీత మొట్టమొదటి లెటర్ మీద. పెద్ద లెటర్ల మీద గీత పెట్టక్కర్లేదని కొందరు చెబుతారు, అది వినకండి.